ఇరవై ఐదో నంబరు కిటికీ

అనకాపల్లి బెల్లం మండీ వీధిలో నూకనాయుడు అండ్ కో ఆఫీసుకి ఇంటర్నెట్టు రౌటరు బిగించిన సోమవారం నుంచి, అందులో పనిచేసేవాళ్లంతా గుమ్మం దాటి వీధిలో కాలు పెట్టగానే నూకనాయుడుగారైపోవడం మొదలైంది. దీనికెవరూ కంగారుపడలేదు. లోపల ఎంతమంది ఉన్నా బయటి లోకానికి ఒకే చిరునామా కనిపిస్తుందని రౌటరుతో వచ్చిన కాగితంలో ముందే రాసి ఉంది. చిరునామా ఒకటే అయినప్పుడు మొహాలు మాత్రం వేరువేరుగా ఎందుకుండాలని దాన్ని బిగించిన పరదేశి అడిగాడు.

పరదేశి లైను కంపెనీ మనిషి. చెవి మీద పెన్సిలు పెట్టుకుని తిరుగుతాడు. గుమ్మం పైన మామిడి తోరణానికీ నిమ్మకాయా మిరపకాయల దండకీ మధ్య కాస్త చోటు చూసి రౌటరు బిగించాడు. నాయుడుగారు దానికి పసుపు రాసి బొట్టు పెట్టారు. ఆకుపచ్చ దీపాలు వెలిగాయి. బాగున్నాయని అందరూ అన్నారు.

ఆ రోజు టీ వేళకి వీధి చివర బడ్డీ దగ్గర నలుగురు నూకనాయుడుగార్లు నిలబడ్డారు. నాయుడుగారికి షుగరు జబ్బు. బెల్లం అమ్ముకునే మనిషికి ఆ జబ్బు రావడం ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే కాబట్టి, బడ్డీ ఆవిడ నలుగురికీ చక్కెర లేని టీ ఇచ్చింది. నలుగురూ తాగారు. అసలు నాయుడుగారికి మాత్రం కొంచెం చిన్నతనంగా అనిపించింది. వీధిలో ఆయనకెవరూ దండం పెట్టడం లేదు. ఇప్పుడే కదండీ పెట్టాం, అంటున్నారు.

వైజయంతి ఆ ఆఫీసులో ఆర్డర్లు రాసుకునే పని చేస్తుంది. బీకాం చదివింది. పెళ్లయి ఇంకా నెల తిరగలేదు. మెళ్లో పసుపుతాడు పచ్చిగానే ఉండటం వల్ల ఆమె రాసిన కాగితాల మీద పసుపు మరకలు పడేవి. వాటిని కూడా ఆర్డర్లతో పాటే ఫైలు చేసేవారు. భర్త భానుకిరణ్ పాలిటెక్నిక్‌లో వెల్డింగు నేర్పుతాడు. సాయంత్రం పెట్రోలు బంకు మూల మీద స్కూటరు ఆపుకుని, ఎండకి కాలిన వెనక సీటు మీద తన జేబురుమాలు తడిపి పరిచి ఉంచుతాడు. రోజు మొత్తంలో ఆ తడి రుమాలంత ఇష్టమైనది వైజయంతికి ఇంకొకటి లేదు. గవరపాలెంలోని అత్తగారింటికి దగ్గర దారి ఉన్నా ఇద్దరూ శారదానది వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్తారు. దారిలో పునుగులు తింటారు. పొట్లంలో చివరి పునుగు ఎవరు తినాలన్న దాని మీద రోజూ కొంత చర్చ జరుగుతుంది. వంతెన మధ్యకి రాగానే భానుకిరణ్ వెనక్కి తిరగకుండానే, "వైజయంతీ" అంటాడు. "ఊఁ" అంటుంది. అంతకు మించి అందులో విషయమేమీ ఉండదు.

ఆ పిలుపుకి ఒక కారణం ఉంది. పెళ్లయి మొదటిసారి అత్తగారింటి గుమ్మం ఎక్కుతుంటే ఆడపడుచు చేతులు చాపి అడ్డం నిలబడి, పేర్లు చెప్పి లోపలికి రమ్మంది. ఇద్దరూ చెప్పారు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆమె పేరుతో ఎవరికీ పని పడలేదు. అత్తగారు వరహాలమ్మ కోడలుపిల్లా అంటుంది. మామగారు ఏమీ అనరు, దగ్గుతారు. పెద్దవాళ్ల ముందు భానుకిరణ్ కూడా ఇదిగో అనే అంటాడు. అందుచేత ఆమె పేరు రోజుకొకసారి, నది మీద మాత్రమే వినిపించేది.

సోమవారం సాయంత్రం బంకు మూల మీదికి నూకనాయుడుగారు వచ్చారు. రౌటరు చిరునామా మారుస్తుందే గాని లోపలి సరుకు ముట్టుకోదు. కాబట్టి చిలకాకుపచ్చ చీర, గాజులు, మల్లెపూలు, టిఫిను డబ్బా ఎక్కడివక్కడే ఉన్నాయి. మొహమూ మీసాలూ గొంతూ మాత్రం నాయుడుగారివి.

"నేనేనండీ," అన్నారు నాయుడుగారు.

భానుకిరణ్ స్కూటరు దిగి నిలబడ్డాడు. "నమస్కారమండి. మా వైజయంతి ఇంకా రాలేదండి."

"నేనేనండీ. రౌటరు పెట్టారు."

"ఓహో, పెట్టీసారా." అతను చదువుకున్నవాడు కాబట్టి సంగతి వెంటనే అర్థమైంది. "కాని లోపల్నించి ఎవరొచ్చినా ఇలాగే ఉంటారు కదండీ. మరి ఎవరో ఎలా తెలుస్తుంది?"

"నిన్న చివరి పునుగు మీరే తిన్నారు."

"తిన్నాను. అది పునుగుల బండి అతనికీ తెలుసు."

నాయుడుగారు చీర కొంగు వేలికి చుట్టుకున్నారు. "గుమ్మం దగ్గర నా పేరు మూడుసార్లు చెప్పారు. మొదటి రెండుసార్లూ మీకు గొంతు రాలేదు. మేళం మోగుతోంది, ఇంకెవరికీ తెలీదు."

భానుకిరణ్ సీటు మీద రుమాలు సరిచేసి, "ఎక్కు" అన్నాడు.

వంతెన మధ్యకి వచ్చాక అతను అలవాటుగా నోరు తెరిచాడు. స్కూటరు అద్దంలో మీసాలు కనిపించాయి. "నాయుడుగారూ," అన్నాడు, "చల్లగా ఉంది కదండీ." వైజయంతి ఊఁ అంది. పునుగు ఆమెకే వదిలేశాడు. పెద్దాయన ముందు అంతకన్న ఏం చేయాలో అతనికి తోచలేదు.

ఇంటి దగ్గర వరహాలమ్మ పైట సర్దుకుని కుర్చీ వేసింది. "కూకోండి బాబూ. కోడలుపిల్ల ఇంకా రాలేదు."

"నేనే అత్తయ్యా."

వరహాలమ్మ ఒకసారి మీసాల కేసి, ఒకసారి గాజుల కేసి చూసింది. కొడుకు వివరం చెప్పాడు. "అలాగా. అయితే కాఫీలో పంచదార వెయ్యకూడదు," అంది. గిన్నెలు తోమడానికి వైజయంతి లేవబోతే, "మండీ నాయుడుబాబు చేత గిన్నెలు తోమించేరంటే ఊళ్లో ఏటనుకుంటారు, కూకోండి," అని ఆపింది. మామగారు దగ్గడం మానేసి, వచ్చే ఏడు చెరకు ధర ఎలా ఉంటుందని ఆమెను అడిగారు. పోయిన వారం ఆమె అడగకుండా చెప్పబోయిన సంగతే అది, అప్పుడాయన పేపరు తిప్పేశారు. ఇప్పుడు ఆమె చెప్పిన ప్రతి ముక్కకీ తల ఊపారు. ఆ కుర్చీలో కూర్చోవడం వైజయంతికి బాగానే ఉంది. కాని ఆ రాత్రి పెరట్లో చెయ్యి పట్టుకుందామని వచ్చిన భానుకిరణ్ మీసాలు చూసి, ఆ చేతిలో పంచాంగం పెట్టి వెళ్లిపోయాడు.

వారం తిరిగేసరికి ఆఫీసులో ఇంకో చిక్కు వచ్చింది. రౌటరు లోపల్నించి బయటికి ఎవర్నైనా పోనిస్తుంది గాని, బయట నుంచి లోపలికి మాత్రం లోపలివాళ్లు అడిగితే తప్ప రానివ్వదు. జవాబులు వస్తాయి. తమంతట తాము వచ్చేవి రావు. కటక్ నుంచీ బరంపురం నుంచీ బెల్లానికి వచ్చిన ఆర్డర్లన్నీ గుమ్మం బయట నిలబడిపోయాయి. ఈ మండీలో ఈమెయిళ్లు మామూలుగా ఎలా ఉంటాయో అలాగే ఉన్నాయి: కొన్ని కాగితంలా, కొన్ని గొంతులా, కొన్ని పంపినవాడి పోలికలతో గొడుగు పట్టుకుని. కటక్ ఆర్డరు ఎండకి ఆగలేక ఎదురు కొట్టు అరుగు మీద కూర్చుంది. ఎదురు కొట్టువాడు దానికి మజ్జిగ ఇచ్చి, తనే ఆ సరుకు పంపుతానన్నాడు.

నాయుడుగారు పరదేశిని పిలిపించారు. "ఏటిది పరదేశీ. వ్యాపారం ఎదురింటికి ఎల్లిపోతన్నాది."

"మీకు మెయిల్ సర్వరు లేదు కద బాబూ. లోపల ఒక సర్వర్ని కూకోబెట్టుకోవాలి. రౌటరుకి బోలెడు కిటికీలుంటాయి, అన్నీ మూసే ఉంటాయి. ఉత్తరాలొచ్చేది ఇరవై ఐదో నంబరు కిటికీకి. అది తెరిచీసి సర్వరు కేసి తిప్పీడమే."

"మిషను కొనాలా?"

"ఇంత చిన్న ఆఫీసుకి మిషనెందుకు. మనిషి సరిపోతాడు. కాపోతే ఒకటి. నాయుడుగారంటూ ఉత్తరాలు పంపితే అవతలోళ్లు నమ్మరు, ఆ పేరుతో వీధినిండా తిరుగుతున్నారు. సర్వరుకి సొంత పేరుండాలి. ఆ పేరు బయటి లోకంలో రాయించాలి. ఎవులు అడిగినా ఈ ఇంట్లో ఫలానా మనిషున్నాది అని తెలియాలి."

అంతవరకూ మరకలు పడ్డ కాగితాలు సర్దుకుంటున్న వైజయంతి తలెత్తింది. "ఆ పని నేను చేస్తానండీ," అంది.

నియామకం పూర్తి కావడానికి లైను కంపెనీ వాళ్ల ఆఫీసులో కొంత కాలం పట్టింది. అక్కడి గుమాస్తా ఇంటిపేరు పెళ్లికి ముందుదా, పెళ్లి తర్వాతదా అని అడిగాడు. ముందు ఇంటిపేరుకి కొత్త చిరునామా కుదరదన్నాడు, కొత్త ఇంటిపేరుకి పాత రుజువులు చెల్లవన్నాడు. చివరికి ఇంటిపేరు లేకుండా ఉత్త పేరు రాసుకున్నాడు. బయటి లోకపు పెద్ద జాబితాలోకి వైజయంతి అన్న పేరు ఒంటరిగా ఎక్కింది. ఆ సంగతి తెలిసిన రోజు ఆమె ఆఫీసు అందరికీ బెల్లం మిఠాయి పంచింది. అసలు నాయుడుగారు తన ముక్క జేబులో దాచుకున్నారు.

ఆమె కుర్చీ గోడకి దగ్గరగా వేసి, చుట్టూ సుద్దముక్కతో గీత గీశారు. లోపలి నంబరు మారకూడదు కాబట్టి కుర్చీ జరగకూడదు. ఒక మధ్యాహ్నం ఉక్కపోత భరించలేక వైజయంతి ఫ్యాను కిందికి జరిగితే, బరంపురం ఆర్డరు గీత దగ్గరున్న మంచినీళ్ల కుండకి అందింది. కుండ దాన్ని పుచ్చుకుంది గాని జవాబివ్వలేదు.

కిటికీ పద్ధతి ఇది. వచ్చిన ప్రతిదీ బయటే ఆగి, నేను ఫలానా, ఫలానా చోటి నుంచి వచ్చాను, ఫలానావారి కోసం వచ్చాను అని చెప్పాలి. ఆ చెప్పిన పేరుగలవారు లోపల ఉంటే ఉన్నారు, రండి అనాలి. లేకపోతే ఆ పేరుగలవారు ఇక్కడ లేరు అని చెప్పి తిప్పి పంపాలి. తిప్పి పంపినదానితో వాదించకూడదు. మొదటిసారి వచ్చిన కొత్తవాళ్లని కాసేపాగి రమ్మనాలి. నిజంగా పనున్నవాళ్లు మళ్లీ వస్తారు, లేనివాళ్లు రారు. ఇదంతా కొత్త పద్ధతని పరదేశి చెప్పాడు. వైజయంతికి కొత్తగా ఏమీ అనిపించలేదు. ఇదే పని గుమ్మం దగ్గర చేసిన తన ఆడపడుచు డిగ్రీ కూడా చదవలేదు.

"ఇంకోటి చెప్పడం మర్చిపోనాను," అన్నాడు పరదేశి, కిటికీ తెరిచిన తర్వాత. "సర్వరు ఆగకూడదు. ఉత్తరం ఏ వేళప్పుడైనా వస్తాది. కదలకుండా కూకోవాలి."

"ఇంటికి?"

"బయటికెళ్తే నువ్వూ నాయుడుగారివే కదమ్మా. పేరు కిటికీకి. మనిషికి కాదు."

వైజయంతి లెక్క వేసుకుంది. లోకమంతటికీ తన పేరు తెలుసు, తను లోకంలోకి వెళ్లకూడదు. వీధిలోకి వెళ్తే వెళ్లొచ్చు, పేరు ఉండదు. రెండిట్లో మొదటిదే ఆమెకు మేలనిపించింది. నాయుడుగారు మడతమంచం తెప్పించారు.

ఇక మిగిలింది అత్తగారు. సాయంత్రమయ్యేసరికి కోడలు రాలేదని వరహాలమ్మ కబురు పంపుతోంది. గుమాస్తాల్లో పెద్దవాడు సింహాద్రి కళ్లజోడు తుడుచుకుంటూ లేచాడు. భార్య పోయినప్పటి నుంచీ ఆయన మెస్సులో తింటాడు.

"నేను వెళ్లొస్తాను తల్లీ. ఎవరెళ్లినా అక్కడికి చేరేది నాయుడుగారే. ఆ పచ్చచీర ఓసారి ఇలా ఇయ్యి. మల్లెపూలు నేను కొనుక్కుంటాలే."

మర్నాడు ఆయన హుషారుగా వచ్చాడు. "మీ అత్తగారు మంచిదమ్మా. పంచదార పడదని తెలిసి కాఫీలో మనసూరుకోక చిన్న బెల్లం ముక్క వేసింది." ఆ మర్నాడూ వెళ్లాడు. ఎవరూ ఏమీ అడగలేదు. ఒకటి రెండు రోజులు చూసి భానుకిరణ్ తల్లితో మాట్లాడాడు.

"అమ్మా, ఆ వస్తున్నది వైజయంతి కాదు. సింహాద్రిగారు."

"ఎవులైతేనేటిరా," అంది వరహాలమ్మ, "ఏళకి వస్తన్నాది కదా."

ఆ సాయంత్రం ఇరవై ఐదో నంబరు కిటికీ దగ్గర ఒక గొంతు వినిపించింది. "నేను భానుకిరణ్‌ని. గవరపాలెం నుంచి వచ్చాను. వైజయంతి కోసం వచ్చాను." మనిషైనా ఉత్తరమైనా రౌటరుకి ఒకటే, పలకరింపు సరిగ్గా ఉంటే చాలు. వైజయంతి ఎదురుగా ఉన్న మొహాన్ని చూసింది. చేతిలో నూనె ఓడుతున్న పొట్లం ఉంది. లేచి వెళ్లి తలుపు తీయాలనిపించింది. కాని పద్ధతి పద్ధతే.

"కొత్తగా వచ్చారు. కాసేపాగి రండి," అంది.

అతను వెళ్లాడు. ఎదురు కొట్టు అరుగు మీద కూర్చుని పునుగుల పొట్లం చల్లారకుండా రుమాలు కప్పాడు. మళ్లీ వచ్చి, అవే మూడు మాటలు చెప్పాడు. ఆకుపచ్చ దీపం మిణుకుమంది. లోపలికి రాగానే ఎదురుగా వైజయంతి, తన మొహంతో, తన చేతులతో, సుద్దగీత మధ్య కూర్చుని ఉంది. అతను ఆమె పేరు పిలిచాడు. ఆ రోజు చివరి పునుగు మీద చర్చ చాలాసేపు జరిగింది. మధ్యలో కటక్ నుంచి ఒక ఆర్డరు వచ్చి, చాలాసేపు తల దించుకుని నిలబడింది.

అప్పటి నుంచి అతను రోజూ ఉత్తరంగా వచ్చేవాడు. అందిన ఉత్తరం పెట్టెలో ఎంతసేపైనా ఉండొచ్చని నిబంధనల్లో ఉంది. తెల్లవారి కాలేజీ వేళకి వెళ్లేవాడు. సింహాద్రి సాయంత్రం ఆ ఇంటికి వెళ్లి, పొద్దున్నే ఈ ఆఫీసుకి వచ్చేవాడు. ఏర్పాటులో ఎక్కడా లోటు లేదు.

తర్వాత ఒక సాయంత్రం అతను రాలేదు. మర్నాడూ రాలేదు. వైజయంతి ఉత్తరాలు పుచ్చుకుంటూ, జవాబులు పంపుతూ, కిటికీ కేసి చూస్తూ కూర్చుంది. అడగడానికి ఎక్కువమంది లేరు. ఆ ఇంటి నుంచి వచ్చేది సింహాద్రి ఒక్కడే. ఆయన్ని అడిగితే, "అబ్బాయి మొన్న సాయంత్రం పునుగులకని బయల్దేరాడమ్మా. అప్పట్నించీ ఇంటికీ రాలేదు," అన్నాడు.

మూడో నాడు పరదేశి వచ్చి కిటికీకి తను మొన్న బిగించిన జల్లెడ ఎలా పనిచేస్తోందని అడిగాడు. వైజయంతికి జల్లెడ సంగతి తెలీదు.

"చెత్త ఏరడానికమ్మా. ఒకే మాట రోజూ చెప్పేవి, మరీ ప్రేమగా మాట్లాడేవి, జత చేసిన పొట్లానికి జిడ్డున్నవి. మంచి ఉత్తరం అలా ఉండదు. అన్నీ వెనక గదిలోకి పోతాయి."

విరిగిన బెల్లం దిమ్మలు పడేసే వెనక గదిలోకి వైజయంతి మొదటిసారి అప్పుడే వెళ్లింది. కుర్చీలో నాయుడుగార్ని కూర్చోబెట్టి వెళ్లింది. గదిలో చాలామంది ఉన్నారు. లాటరీ తగిలిందని చెప్పడానికి వచ్చినాయన, బట్టతల మీద జుట్టు మొలిపిస్తానన్నాయన, ఎక్కడో దూరదేశంలో పోయిన మంత్రిగారి భార్య. బస్తా మీద భానుకిరణ్ కూర్చుని వాళ్లకి పునుగులు పంచుతున్నాడు.

"నువ్వు పిలుస్తావనే చూస్తున్నాను," అన్నాడు లేచి. పునుగుల మీదా బూజు పట్టిన బెల్లం మీదా బతికి అతను కొంచెం సన్నబడ్డాడు. మంత్రిగారి భార్య చీర కొంగుతో కళ్లొత్తుకుంది. "నా ఆస్తిలో సగం ఇస్తానంటే ఇన్నేళ్లుగా ఎవరూ నమ్మలేదమ్మా. ఈ బాబు మాత్రం కూర్చోమని పునుగు పెట్టాడు. ఇలాంటివాణ్ణి చెత్తలో వేశారేం."

వైజయంతి అతని చెయ్యి పట్టుకుని, ఇది చెత్త కాదు అని పైకి చెప్పింది. అలా చెప్పడం నిబంధన. జల్లెడ నేర్చుకుంది. నేర్చుకోవడానికి మూడుసార్లు చెప్పాలంటే మూడుసార్లూ చెప్పింది. ఆమెకు అభ్యంతరం లేకపోయింది.

ఆ తర్వాత ఆమెకొక కోరిక పుట్టింది. స్కూటరు మీద వంతెన దాకా వెళ్లాలి, గవరపాలెంలో ఆ గుమ్మం ఇంకొకసారి ఎక్కాలి. ఒక సాయంత్రం మాత్రమే. బదులు సర్వరు ఉంటే ఫర్వాలేదని పరదేశి అన్నాడు. నాయుడుగారు సంతోషంగా ఒప్పుకున్నారు. వీధిలో తనని ఎవరూ పలకరించనప్పటి నుంచీ, ప్రతివాడూ ఆగి పేరు చెప్పే ఆ కిటికీ అంటే ఆయనకి మోజు. భానుకిరణ్ బయల్దేరే ముందే ఇంటికి చేరి ఆశ్చర్యపరుద్దామని వైజయంతి కొంచెం ముందుగా వెళ్లింది. గుమ్మం దాటగానే మీసాలు వచ్చాయి. బడ్డీ ఆవిడ చక్కెర లేని టీ కలపబోయింది.

గవరపాలెంలో తలుపు తీసి ఉంది. హాల్లో నేల మీద ఇంకో నూకనాయుడుగారు చిలకాకుపచ్చ చీర కట్టుకుని కూర్చుని, ఒళ్లో పళ్లెం పెట్టుకుని చిక్కుడుకాయలు వలుస్తున్నారు. మొదటివారం కుర్చీ ఉండేది. ఇప్పుడు కుర్చీలో మామగారు కూర్చుని దగ్గుతున్నారు. నాయుడుగారైనా కోడలు కోడలే అని ఆ ఇంట్లో మెల్లగా తేలినట్టుంది.

వరహాలమ్మ గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడింది. "ఎవులు బాబూ?"

వైజయంతి పద్ధతి ప్రకారం చెప్పింది. "నేను వైజయంతిని. మండీ ఆఫీసు నుంచి వచ్చాను. భానుకిరణ్‌గారి కోసం వచ్చాను." పెళ్లిరోజున కూడా ఆమె అతని పేరు ఇంత స్పష్టంగా చెప్పలేదు.

"ఆడు ఇప్పుడే పునుగులకని బయలెల్లాడు." వరహాలమ్మ కొంచెం ఆలోచించింది. "మీ పేరేటన్నారు?"

"వైజయంతి."

"ఆ పేరుగలోలు మాకెవులూ తెలీదు బాబూ. మాదీ ఇల్లు, ఇక్కడుండేది మేమూ మా కోడలూ." వెనక్కి తిరిగి, "ఏమ్మా, నీకు తెలుసా?" అని అడిగింది.

సింహాద్రి లేవబోయాడు. ఒళ్లో చిక్కుడుకాయల పళ్లెం ఉంది. ఆయన పళ్లెం కేసీ గుమ్మం కేసీ చూశాడు. వైజయంతి వద్దన్నట్టు తల ఊపింది. ఆయనకి మెస్సు భోజనం పడదు. పైగా తిప్పి పంపినప్పుడు వాదించకూడదన్నది కిటికీ నిబంధన, దాన్ని రోజూ పాటించేది ఆమే. వరహాలమ్మ మాటలో ఆమెకు తప్పేమీ కనిపించలేదు. పద్ధతిగా అడిగింది, పద్ధతిగా లేరని చెప్పింది. కావాలంటే మజ్జిగ తాగి వెళ్లమని కూడా అంది.

చేరని ఉత్తరం బయల్దేరిన చోటికే కారణంతో సహా తిరిగి రావాలి. వైజయంతి తిరిగి వచ్చింది. గుమ్మం దాటగానే మీసాలు పోయాయి. రౌటరు దుమ్ము దులుపుతున్న పరదేశి ఏమైందని అడిగాడు.

"ఆ పేరుగలవారు లేరన్నారండి." నాయుడుగారు ఖాళీ చేసిన కుర్చీలో కూర్చుని, సుద్దగీత ఒకచోట చెరిగితే దిద్దుకుంది. "పరదేశిగారూ, మా అత్తగారింట్లో కూడా రౌటరు ఉందాండీ?"

"ప్రతీ ఇంట్లోనూ ఉంటాది కదమ్మా," అన్నాడు పరదేశి. "పాత మోడలు. దీపాలుండవు, అంతే."

కిటికీ దగ్గర నూనె వాసన వచ్చింది. "నేను భానుకిరణ్‌ని. గవరపాలెం నుంచి వచ్చాను. వైజయంతి కోసం వచ్చాను."

"సరిగ్గా వినిపించలేదు, మళ్లీ చెప్పండి," అంది ఆమె.

"వైజయంతి కోసం."

"ఇంకోసారి."

లోపలి మొహంలో ఏదో కనిపించి ఈసారి అతను గట్టిగా, నిదానంగా చెప్పాడు. అరుగు మీద కూర్చున్న కటక్ ఆర్డరు కూడా తలెత్తి చూసింది.

"ఉన్నారు," అంది వైజయంతి. "లోపలికి రండి."

ఆకుపచ్చ దీపం వెలిగింది. గవరపాలెంలో ఆ వేళకి చిక్కుడుకాయ కూర పొయ్యి మీదికెక్కింది. కోడలు వేళకే వచ్చింది కాబట్టి, ఆ ఇంట్లో ఎవరూ ఎవరి కోసమూ ఎదురుచూడలేదు.